జంటతాళ్ళ గుర్తు

పదిహేడేళ్ళ వయసులో ఎర్రన్న తన మొదటి సొరను పట్టాడు. గేలపు తాడు రెండు అరచేతులనూ కోసేసినా వదల్లేదు. తెల్లారగానే తగిలిన చేపను పొద్దు వాలేవేళకు ఒడ్డు చేర్చాడు. ఆ మచ్చలు అరవై దాటాక కూడా చేతుల్లో ఉన్నాయి.

బారువకు దక్షిణాన ఈ ఒడ్డున అంతటి వేటగాడు పుట్టలేదు. ఇంజను లేకుండా తెరచాప తెప్ప మీద ఏటా వేసవిలో కళింగపట్నం దాకా పోయివచ్చాడు. తిరగబడ్డ తెప్పనుంచి ముగ్గురిని బతికించి తెచ్చాడు. గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీదికి వలసపోయిన కుర్రాళ్ళలో సగం మందికి గేలం కట్టడం నేర్పింది ఆయనే.

ఇవన్నీ కళ్ళారా చూసినవాడు సూరయ్య, ఎర్రన్న భార్య లక్ష్మణమ్మకు తమ్ముడు. తెప్పకు వెనక బావ కూర్చుని దారి చూసేవాడు, ముందు సూరయ్య తెడ్డు వేసేవాడు.

2019 వేసవి. సర్కారు వేట నిషేధంతో ఇంజను పడవలన్నీ ఇసుకెక్కాయి. తెరచాప తెప్పలకు అడ్డు లేదు.

"ఈ ఏడు ఎల్లాల్రా సూరీ. కళింగపట్నం దాకా ఏటాడుకుంటా పోదాం. వచ్చేటప్పుడు దచ్చినపు గాలే తోసేస్తాది."

"రెండేళ్ళయినాది కద బావా, ఒల్లు సహకరిస్తాదేటి?"

"నీ ఒల్లు గురించి అడుగు. నాదానికేటి?"

మే మొదట్లో ఒక తుపాను పక్కనుంచి ఒడిశాకు వెళ్ళిపోయింది. సముద్రం సర్దుకునేదాకా ఆగి, దుంగలు విప్పి ఎండబెట్టి, మళ్ళీ తెప్ప కట్టి, ఒక ఉదయం ఇద్దరూ దాన్ని పరీక్షకు దింపారు.

సముద్రం అడుగున రాతినేల ఎక్కడుందో పైకి కనబడదు. ఒడ్డున గుర్తులు చూసుకోవాలి. పొరుగూరి దిబ్బ మీద రెండు తాటిచెట్లుండేవి, జంటతాళ్ళు అనేవాళ్ళు. అవి ఒకదాని వెనక ఒకటి చేరి ఒకే చెట్టులా కనబడి, మహేంద్రగిరి కొన వాటి తలమీదికి వస్తే, కింద రాయి ఉన్నట్టే. అక్కడే వంజరం చేప తగిలేది.

ఎర్రన్న నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "అదిగో, తాళ్ళు కలిసిపోయినాయి. గేలం ఒగ్గు."

సూరయ్య ఒడ్డు చూశాడు. తాళ్ళు లేవు. కిందటి అక్టోబరులో తిత్లీ తుపాను రెంటినీ పడగొట్టింది. దిబ్బ బోడిగా ఉంది. తుపాను తర్వాత బావ ఇటు రాలేదు, నిజమే. ఎవరూ చెప్పకపోయినా, ఇప్పుడు కళ్ళెదుట లేని చెట్లు ఆయనకెలా కనబడుతున్నాయి?

గేలం వదిలాడు. గేలానికి కట్టిన బరువు మెత్తటి బురదలో దిగబడింది.

"రాయి తగిలినాదేటిరా?"

"లేదు బావా."

"నీటిపోటు లాగేస్తన్నాది. మరికాస్త ఒగ్గు."

ఖాళీ బుట్టతో తిరిగొచ్చారు. చెబితే బావ మళ్ళీ తెప్ప ఎక్కడు. చెప్పకపోతే, చూపు లేనివాడి వెంట ఇద్దరి ప్రాణాలూ నీళ్ళమీద.  సాయంత్రం సూరయ్య అక్క దగ్గరికి వెళ్ళాడు. లక్ష్మణమ్మ ఎండు చేపలు ఏరుతోంది.

"అప్పా, బావకి..."

"కళ్ళు ఆనవు. నాకు తెల్దేటి? నిన్న గంజిలో ఈగ పడితే తాగేసి, ఉప్పు సాల్లేదన్నాడు."

"ఆస్పత్రికి తీసుకెల్లకపోయావా?"

"రమ్మన్నాను. సముద్రం బాగానే కనిపిస్తన్నాది, నీ మొకమే కనిపించట్లేదు, అదీ ఒక సుకమే అన్నాడు."

ఇద్దరూ నవ్వలేదు.

"ఆపేద్దామా అప్పా?"

"ఆపితే మంచమెక్కేస్తాడు. మల్లీ దిగడు. నువ్వెల్తే ఎల్లనిస్తాను. నువ్వు రానంటే ఆ తెరసాప పొయ్యిలో ఎట్టేస్తాను."

"నాకు గుర్తులు రావు."

"మీ బావ సెప్తాడు. నువ్వు సూడు."

బయల్దేరే రోజు, తెప్ప మీద తాగునీళ్ళ క్యాను కడుతూ సూరయ్య ఎటో చూస్తూ అన్నాడు: "తుపానుకి ఒడ్డంతా శానా సెట్లు పోయినాయి బావా. జంటతాళ్ళు కూడా."

ఎర్రన్న ముడి వేస్తున్న చేతులు ఆగాయి. వేళ్ళతో తాడు తడిమి ముడి బిగించాడు.

"నాకు నడుం పట్టేసినాదిరా," అన్నాడు. "ఎనక నువ్వు కూకో."

ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన ముందుకు వెళ్ళి, ఒడ్డుకు వీపు పెట్టి కూర్చున్నాడు. సూరయ్య వెనక తెడ్డు అందుకున్నాడు. దారి పొడుగునా ఏ గుర్తు మిగిలిందో, ఏది తుపానుకు పోయిందో అతనికీ తెలియదు.

వేటకు పోయేవాణ్ణి ఎప్పుడొస్తావని ఈ ఒడ్డున ఆడవాళ్ళు అడగరు, అపశకునమని. లక్ష్మణమ్మ మోకాలి లోతు నీళ్ళలోకి వచ్చి అడిగింది. మొగుణ్ణి కాదు, తమ్ముణ్ణి.

"పున్నమికొచ్చేస్తాం అప్పా," అన్నాడు సూరయ్య.

ఆ ఏడు వైశాఖ పున్నమి మే పద్దెనిమిది, శనివారం. నీళ్ళలో నిలబడే లక్ష్మణమ్మ వేళ్ళమీద రోజులు లెక్కపెట్టుకుంది.