మూలన విరిగిన కొమ్మ

మొన్న ఊరగాయలో కలుపుదామని వెనిగర్ సీసా మూత తీశాను. ఆ పుల్లటి వాసనకు అనంతపురంలో నజీర్ సార్ స్టూడియో వెనక ఉన్న చీకటిగది కళ్ళముందు నిలిచింది. ప్రింట్లు ముంచే తొట్టెలో ఎప్పుడూ అదే వాసన. తొంభైల చివర్లో, డిగ్రీ చదువుతూ, ఆయన దగ్గర ఫోటోలు కడగడం నేర్చుకున్నాను. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళకు ఆయనే ఫోటోలు తీసేవారు. పెళ్ళికూతురి బుగ్గ మీది మచ్చను కూడా చెరిపేవారు కాదు. "మచ్చ ఆయమ్మది. తీసేకి మనమెవురు?" అనేవారు.

వానలు లేని ఒక ఏడు మా కాలేజీలో ఫోటోల పోటీ పెట్టారు. ఆదివారం పొద్దున్నే శింగనమల బస్సెక్కి పోయి, చెరువుగట్టు కింద రేగుపొదలో పికిలిపిట్ట గూడు చూశాను. ఈకలైనా సరిగా రాని పిల్లలు మూడు. దగ్గరగా కూర్చుని చాలాసేపు తీశాను. మధ్యాహ్నం పన్నెండు దాటేసరికి స్టూడియోలో ఎర్ర దీపం కింద ప్రింటు తేలింది. మూడు నోళ్ళు, బార్లా తెరిచి ఉన్నాయి. నా సంతోషం ఇంతా అంతా కాదు.

సార్ ప్రింటును వెలుతురులోకి తెచ్చి, "ఈ మూల తెల్లగా ఉండేది ఏందిమ్మా?" అన్నారు.

"కొమ్మ సార్. గూటికి అడ్డమొస్తాంటే విరిచేసినా. ఆ మూల కత్తిరిచ్చి, నోళ్ళ వరకే ఉంచితే బాగుంటాది."

ఆయన మళ్ళీ ఫోటో వైపు చూశారు. "ఇవి ఆకలికి నోరు తెరవల్యా. మెడలు చూడు, వాలిపోయినాయి. ఎండకు రొప్పుతాండాయి. పద, స్కూటర్ తీస్తా."

ఇద్దరం మళ్ళీ చెరువుగట్టుకు పోయాం. మేం చేరేసరికి ఒక పిల్ల చచ్చిపోయి ఉంది, చీమలు పట్టాయి. సార్ దాన్ని వేళ్ళతో మెల్లగా తీసి పక్కన పెట్టారు. వేరే పొద నుంచి ఆకులున్న కొమ్మ తెచ్చి గూటి మీదికి నీడ పడేలా ఇరికించారు. ముళ్ళు గీరుకుని ఆయన చేయి రక్తమైంది. నేను ఏడుస్తూ, "తల్లి వస్తాదా సార్?" అన్నాను.

"వచ్చేదాకా ఈడే ఉందాం."

దూరంగా స్కూటర్ వెనక, ఆయన తువ్వాలు నెత్తిన కప్పుకుని కూర్చున్నాం. చాలాసేపటికి తల్లిపిట్ట ముక్కున పురుగుతో వచ్చి కొమ్మ సందున దూరింది. అప్పుడన్నారు సార్: "ఏడవొద్దు. ఫోటో తీసేది నేర్పినా గానీ, ఇది నేర్పల్యా నీకు. తప్పు నాది గూడా."

మరునాడు, "నోళ్ళ వరకే కత్తిరిస్తే ప్రైజు రావొచ్చు. నీ ఇష్టం" అన్నారు. కొమ్మతో సహా మొత్తం ప్రింటు వేయమన్నాను. పోటీకి ఇవ్వలేకపోయాను.

సార్ పోయి చాలా ఏళ్ళైంది. నేనిప్పటికీ పిట్టల ఫోటోలు తీస్తాను. గూటికి కొమ్మ అడ్డం వస్తే ఉత్త చేతులతో తిరిగొస్తాను. ఏం తీశావని ఇంట్లో అడిగితే, గూట్లో పిల్లలు బాగున్నాయని చెబుతాను.