యోనా మేస్త్రి నాలుగో సైజు

యోనా మేస్త్రి ఇంజను విప్పితే సిలిండరు బోరు పెంచకుండా మళ్ళీ మూసిన పాపాన పోలేదు. గనిలో ఫిట్టరుగా రిటైరై గోదావరిఖనిలో ఉండిపోయిన ఆయన చేతికి దొరికింది తన పాత మోటారు సైకిలు ఒక్కటే. మూడేళ్లలో దాని సిలిండరును మూడుసార్లు తొలిపించి, ప్రతిసారీ ఇంకో సైజు పెద్ద పిస్టను వేశాడు. ఇంజను పెరిగితే జోరు పెరగాలి కదా. ఆయన మాత్రం అప్పుడూ ఇరవై స్పీడులోనే, ఇప్పుడూ ఇరవైలోనే. సైకిళ్ళు కూడా బెల్లు కొట్టి దాటిపోయేవి.

"ఇగ ఆ సిలిండర్ల కోడిపెట్టను పొదగెయ్యొచ్చు," అనేది భార్య సువార్త.

సువార్త దిగులు వేరు. నది అవతల శ్రీరాంపూర్‌లో ఉండే అక్క రెజీనా, ఒకప్పుడు ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చి చర్చిలో ఆమె పక్కనే కూర్చుని రెండో గొంతు పాడేది. మూడేళ్ల క్రితం ఆపరేషనయ్యాక రెజీనా మోకాలు వంగడం మానేసింది. చాపిన కాలు బస్సులో పట్టదు, ఆటోలో పట్టదు. సువార్త ఇప్పటికీ పాట మధ్యలో పక్కకు చూస్తుంది. అక్క గొంతు లేని పాట పాడాలంటే ఆమెకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఆ బాధ తెలిసిన మొగుడు చేసిన నిర్వాకం ఏమిటంటే, క్రిస్మస్‌కు రెజీనాకు ఫోన్ చేసి, "వదినా, నీ తూకమెంత?" అని అడగడం.

"ఏం, బొగ్గుల్ల గలిపి అమ్ముతవా?" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఈస్టరు ముందు నాలుగోసారి ఇంజను విప్పాడు. "కాకా, గిదే ఆఖరి సైజు. ఇంకా తొలిస్తే గోడ మిగులది," అన్నాడు సిలిండరు తొలిచే లేతు షాపు ఉపేందర్. ఆ మాట విని సువార్తకు ఒళ్ళు మండిపోయింది.

"మూడేండ్ల సంది దాన్నే తొలుస్తున్నవు. ఎవర్ని మొయ్యాలె? నేనొక్కదాన్నే గద."

"బలం చాలుతలేదు సువార్తా," అన్నాడాయన. ఆ పూట ఆయన కంచంలో ఉప్పులేని పప్పు పడింది.

ఈస్టరు ఉదయం సువార్త బయటికొచ్చి చూస్తే బండి పక్కన మూడో చక్రం మీద పొడుగాటి ఇనుప తొట్టి బిగించి ఉంది. అచ్చం గనిలో బొగ్గు మోసే టబ్బులాగే. లోపల మెత్త, చివర మడమ ఆనించడానికి చిన్న దిండు.

"వదిన కాలు చాపి కూసునేటందుకు," అన్నాడు యోనా తల గోక్కుంటూ. "ఉపేందర్ షాపుకాడ బిగించి చూసిన. మొదటి సైజుకు ఉత్త తొట్టి కదిలింది. రెండో సైజుకు ఇసుక బస్తా. మూడో సైజుకు నిన్ను గలిపి లెక్క చూస్తే బ్రిడ్జి ఎక్కేకాడ ఆగిపోయేటట్టుంది."

"మరి ఇరవైల పోవుడేంది?"

"గుంతలల్ల వదిన మోకాలు అదరొద్దని అలవాటు జేసుకున్న."

"ముందుగాల చెప్పొద్దా?"

"బండి మొయ్యకపోతే ఇద్దరికీ ఉత్తగ ఆశ వెట్టినట్టయితుండె."

సువార్త లోపలికెళ్లి రెండు పాటల పుస్తకాలు తెచ్చింది.

శ్రీరాంపూర్‌లో రెజీనా తొట్టిలో కాలు చాపుకుని, దిండు చూసి, మరిది వైపు చూసింది. "డెబ్బై రెండు," అంది.

"నేను ఎనబై అనుకున్న వదినా."

ఆమె చేతిసంచితో ఆయన వీపు మీద ఒక్కటిచ్చింది.

గోదావరి బ్రిడ్జి మీద బండి ఇరవైలో నడుస్తోంది. "గిట్ల పోతే ఆఖరి పాటకన్న అందుతమా?" అంది రెజీనా. సువార్త నవ్వి అక్కడే మొదటి పాట అందుకుంది, తర్వాత అలవాటుగా పక్కకు చూసింది. రెండో గొంతు కలిసింది. వెనక బొగ్గు లారీ హారను మోగించింది. అక్కచెల్లెళ్ళు ఇంకో సైజు గొంతు పెంచారు.