ధనుర్మాసంలో విప్పిన బండి

మొన్న ఫోనులో మా వసారా కనబడగానే మీరిద్దరూ ఒకేసారి అరిచారు, "అవ్వా, తాత బండికి ఏమైంది? అంతా ముక్కలుముక్కలుగా పడుంది!" అని. నేను చెప్పేలోపు సిగ్నలు పోయింది. ఏమీ కాలేదు బంగారూ. ఏటా చలికాలంలో దాన్ని మేమే విప్పుతాం, మేమే బిగిస్తాం. మీరెప్పుడూ ఎండాకాలం సెలవుల్లో వస్తారు కాబట్టి, నిండుగా నిలబడి ఉన్న బండినే చూశారు. ఫోనులో సగం సగం చెప్పడం కంటే కూర్చుని రాయడమే నయమనిపించింది.

ధనుర్మాసంలో పెళ్ళిళ్ళుండవు. పెళ్ళిళ్ళు లేకపోతే ధర్మవరంలో పట్టుచీరలకు తొందరుండదు. మిగతా పదకొండు నెలలూ మగ్గం గుంటలో నా పక్కనే కాళ్ళు పెట్టుకుని కూర్చునే మీ తాత, ఆ నెలలో బయటికొచ్చి బండి పక్కన పీట వేసుకుంటాడు. మీ అమ్మ పలక పట్టుకుని బడికి పోయే రోజుల్లో కొన్న మోటారు సైకిలు అది. ఎర్ర టాంకు, ముందుకు వంగి పట్టుకోవలసిన పొట్టి హ్యాండిలు, కోడిపుంజు తోకలా పైకి లేచిన వెనక సీటు. అప్పట్లో కుర్రాళ్ళు పందేలకు కొనుక్కునే రకం. మీ తాత దాని మీద పట్టు నూలు తెచ్చుకునేవాడు.

విప్పడం ఆయన పని, పరచడం నా పని. మగ్గం మీద పాత పడుగు చివరికొచ్చినప్పుడు, కొత్త పడుగును పోగుకు పోగు అతుకుతాం. ఒక్క పోగు వరస తప్పినా చీర పొడుగునా తెలిసిపోతుంది. ఆ అలవాటుతోనే, ఆయన తీసిన ప్రతి నట్టునూ తీసిన వరసలోనే పాత పంచె మీద పెట్టుకుంటూ పోతాను. తీగలకు రంగు పట్టుపోగులు కడతాను, కుడివైపువాటికి ఎరుపు, ఎడమవైపువాటికి పచ్చ. బిగించేటప్పుడు పంచె చివర నుంచి వెనక్కి వస్తే చాలు. ఇన్నేళ్ళలో ఒక్క వాషరు కూడా మిగల్లేదు. గ్యారేజీలవాళ్ళు కూడా ఈ మాట అనలేరు.

చైనును డీజిల్లో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టిస్తాం. ప్లగ్గు మసి గీకుతాం. సైలెన్సరులోని నల్లటి జిడ్డును మీ తాత దులుపుతుంటే నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దూరంగా తిడుతూ ఉంటాను. పాత పెట్రోలు పూర్తిగా దించేసి, కార్బరేటర్‌ను విప్పి కడుగుతాం. అందులో జెట్లని చిన్న చిన్న ఇత్తడి ముక్కలుంటాయి, పెట్రోలు సన్నగా దిగడానికి. అందరికంటే చిన్నది స్లో జెట్టు. బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు ఇంజను ఆగకుండా ఆడేది దానివల్లనే. దాని బెజ్జంలో సూది కూడా దూరదు.

నాలుగేళ్ళ కిందటి చలికాలం సంగతి చెబుతాను. ఆ ఏడు మీ తాత కుడి మోకాలు మొరాయించింది. ఈ బండికి బటను లేదు, కిక్కు కొట్టాల్సిందే. చలి పొద్దున పది కిక్కులు కొట్టి, మోకాలు పట్టుకుని అరుగు మీద కూలబడేవాడు. పక్క ఊరు కొత్తచెరువులో గ్యారేజీ నడిపే భాయి ఒకాయన ఎన్నాళ్ళనుంచో ఈ బండి అడుగుతున్నాడు. పాత బండ్లంటే ఆయనకు ప్రాణం. ఒకరోజు మీ తాత ఫోనులో ఆయనకు మాటిచ్చేశాడు, నాకు వినబడేలాగానే.

"ఈసారి సర్వీసు చేసినాక స్లోలో నిలకడగా ఆడితే నాది, ఆడకపోతే నీది. ఆదివారం రాప్పా."

నాకు ఆ బేరం నచ్చలేదు. ఎందుకో మీకు చెప్పాలి. మగ్గం ఆడుతున్నంతసేపూ ఇంట్లో మాట వినబడదు. ఆగాక ఇంటినిండా మనుషులు, ఫోన్లు. ఆదివారం సాయంత్రం ఆ వెనక సీటులో కూర్చుంటే నా గడ్డం సరిగ్గా ఆయన చెవి దగ్గరికి వస్తుంది. చిత్రావతి వంతెన దాటి పోయి వచ్చేలోపు వారమంతా దాచుకున్న మాటలు చెప్పుకునేవాళ్ళం. తిట్టుకునేవాళ్ళం కూడా. బండి పోతే మా మాటలు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

అందుకని ఆ ఏడు అతిగా కష్టపడ్డాను. అక్కడే తప్పు చేశాను. జెట్లలో తీగ పెట్టొద్దని, నోటితో ఊది పెట్రోలుతో కడిగితే చాలని మీ తాత ప్రతి ఏడూ చెబుతాడు. తీగ పెడితే బెజ్జం పెద్దదవుతుందట. కానీ స్లో జెట్టు ఎంత ఊదినా నాకు తృప్తి కలగలేదు. ఆయన చేతులు కడుక్కోవడానికి పోయినప్పుడు, మగ్గం దగ్గర నుంచి ఒక జరీ పోగు తెచ్చి రెండుసార్లు అటూ ఇటూ లాగాను. ఇనుము కాదు కదా, మెత్తనిదే కదా అనుకున్నాను. వెలుగులో పెట్టి చూస్తే బెజ్జం చుక్కలా మెరిసింది. మీ తాత రాగానే ఆయనకూ చూపించాను.

"ఊదినావా?" అన్నాడు ఆయన.

"ఊదినా," అన్నాను. ఇంకేం చెప్పను?

ఆదివారం పొద్దున ఆఖరి నట్టు బిగిస్తుండగానే భాయి వాకిట్లోకి వచ్చాడు. మొదటి బస్సుకే వచ్చాడు, బండి నడుపుకుంటూ పోదామని ధైర్యంగా.

"ఏమన్నా, పెండ్లికూతురు తయారా?"

"తయారేలే. టీ తాగు ముందు."

చల్లబడిన ఇంజను అంటుకోవడానికి మీ తాత చోకు లాగి కిక్కు కొట్టాడు. ఐదోదానికి అంటుకుంది. వసారానిండా నీలం పొగ. నాకు నవ్వాగలేదు. చోకు వెనక్కి నెట్టగానే గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ ఆగింది. నాలుగోసారికి ఆయన మోకాలు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"అయిపోయిందిలే భాయీ. దాని పనీ అయిపాయ, నా పనీ అయిపాయ. తీసకపో."

భాయి ముఖంలో సంతోషమేమీ కనబడలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఇంజను మీద చెయ్యి పెట్టి చూసి, సామాన్ల ఆటో కోసం ఫోను తీశాడు. "ధర్మవరంలోనే. ఒక బండి ఎక్కియ్యాల," అంటున్నాడు.

నేను గుంజ పట్టుకుని నిలబడ్డాను. చెబితే మీ తాత ముందు అబద్ధాలదాన్నవుతాను. చెప్పకపోతే బండి ఆటో ఎక్కుతుంది.

"భాయీ, ఫోను పెట్టేయప్పా," అన్నాను. "ఆ స్లో జెట్టు నేను ఊరికే ఊదలేదు."

మీ తాత తలెత్తాడు. "మరేం చేసినావమ్మే?"

"జరీ పోగు పెట్టి లాగినా."

"ఏం పోగు?"

"జరీ. మెత్తగుంటాదని."

ముందు తేరుకున్నది భాయే.

"అక్కా, ఇరవై ఏండ్లాయ గ్యారేజీ పెట్టి. జెట్టులో పిన్నీసు పెట్టినోళ్ళను చూసినా, చీపురుపుల్ల పెట్టినోళ్ళను చూసినా. జరీ పెట్టినోళ్ళను ఈ పొద్దే చూస్తాండా!"

"వెలుగు కనపడతాందని నాకు చూపిచ్చినావు కదా?" అన్నాడు మీ తాత.

"కనపడింది. ఇప్పుడు తీసి చూసినా కనపడతాది." అప్పుడే నా చేతులకు అర్థమైంది ఏం జరిగిందో. జరీ అంటే ఒట్టి తీగ కాదు, లోపల పట్టుపోగు, దాని చుట్టూ వెంట్రుకకంటే సన్నటి రేకు చుట్టి ఉంటుంది. నేను లాగినప్పుడు పట్టుపోగు జారి వచ్చేసింది, రేకు చుట్టలా విడిపోయి లోపలి గోడకు అతుక్కుంది. నడిమధ్య నుంచి వెలుగు వస్తుంది, పెట్రోలు మాత్రం సరిగ్గా దిగదు. పొద్దస్తమానం జరీతో బతికేదాన్ని, నాకు తట్టకపోతే ఇంకెవరికి తట్టాలి?

కార్బరేటర్ మళ్ళీ విప్పాం. భాయే పక్కింటి నుంచి సైకిలు పంపు తెచ్చి, గొట్టం జెట్టుకు ఆనించి గట్టిగా కొట్టాడు. బండి తనకు కావాలి, అయినా పంపు కొట్టింది ఆయనే. అది నేను మరిచిపోను. మూడో దెబ్బకు తెల్ల పంచె మీద ఏదో తళుక్కుమంది. బియ్యపు గింజలో సగం కూడా లేదు. భాయి దాన్ని వేలికొనకు అంటించుకుని మీ తాతకు చూపించాడు.

"అన్నా, అక్క నీ బండికి పట్టుచీర కట్టబెట్టిందప్పా. అందుకే సిగ్గుపడి మాట్లాడలే!"

మీ తాతకు ఎంత కోపమున్నా అక్కడితో పోయింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "ఇంకా ఏమేం దాచినావో చెప్పేయ్, ఈ పొద్దే," అన్నాడు. నేను జెట్టు తీసి ఆయన చేతిలో పెట్టాను. అన్నీ ఒకేరోజు చెప్పేస్తే ఎట్లా?

బిగించడం అయ్యాక కిక్కు దగ్గర ఆయన కాలు పైకి లేవలేదు. భాయి ముందుకొచ్చాడు. "జరుగన్నా, నేను కొడతా."

"నువ్వు కొడితే నీదైపోతాది. వద్దు."

"మరి ఎవురు కొడతారు?"

నేను కొంగు బొడ్లో దోపాను. "జరగండి ఇద్దరూ."

"ఏమ్మే, కాలు ఇరుగుతాది!"

"ముప్పై ఏండ్లు మగ్గం తొక్కిన కాలప్పా ఇది."

మొదటిసారి కిక్కు ఎగిరి నా పిక్క మీద తన్నింది. రెండోసారి ఊరికే దగ్గింది. మూడోసారి ఒళ్ళంతా వేసి తొక్కాను. డుర్రుమని లేచింది. మీ తాత మెల్లగా చోకు తోశాడు. ముగ్గురం ఇంజను మీదికి వంగి విన్నాం. ఆగలేదు. పక్కింటివాళ్ళు గోడ మీద నుంచి చూశారు. అయినా ఆగలేదు. భాయి వాచీ చూసుకుంటూ నిలబడి, చివరికి రెండు చేతులూ పైకెత్తాడు.

"గెలిచినారప్పా మొగుడూ పెండ్లాలు. ఇట్ల ఆడేది చూస్తే నాకు ఇంకా ఎక్కువ ఆశ పుడతాంది."

మీ తాత మాత్రం మోకాలు తడుముకుంటున్నాడు. "రేపట్నుంచి ఎట్లమ్మే?"

"తొక్కేది నేను, నడిపేది నువ్వు."

"సంత నడుమ ఆగిపోతే?"

"ఆడా నేనే తొక్కుతా."

"జనమంతా చూస్తారే!"

"చూడనీలే, దుడ్లేమన్నా అడుగుతారా?"

భాయిని బస్టాండులో దింపి రమ్మన్నాను. పావుగంట పని. నేను పంచె దులిపి, పొయ్యి మీద ఎసరు పెట్టి, ఎంతసేపు చూసినా మీ తాత రాలేదు. సంతోషం పట్టలేక ఎక్కడెక్కడ తిరిగాడో! చివరికి వీధి మొదట్లో చప్పుడు వినబడింది. వాకిట్లోకి వచ్చి ఆగాడు కానీ ఇంజను ఆపలేదు.

"యాడికి పోయినావు ఇంతసేపు? ఆపి లోపలికి రా," అన్నాను.

"ఆపితే మళ్ళా నువ్వే తొక్కాల. ఎక్కు."

"చేతులనిండా నూనె ఉండాది."

"నా చొక్కాకు తుడుచుకో."

ఎసరు దించి, తలుపు దగ్గరికి వేసి ఎక్కాను. అప్పటికింకా ఎండ వేడెక్కలేదు. చిత్రావతి వైపు తిరిగే మలుపు రాకముందే ఆయన చెవిలో వారం మాటలు మొదలుపెట్టాను.