అన్నదమ్ముల మధ్య కేబులు

ఆ రోజుల్లో, అంటే ఉద్యోగంలో చేరిన కొత్తలో, లోకంలోని సమస్యలన్నీ కేబులు సరిగ్గా లాగకపోవడం వల్లే వచ్చాయని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే విజయవాడ వన్ టౌన్‌లో తోపుడుబళ్లు తప్పించుకుంటూ ఓ పెళ్లిళ్ల ఫొటో స్టూడియోకి వెళ్లాను. కింద అన్నగారు ఫొటోలు చూసుకునేవారు, మేడ మీద తమ్ముడుగారు వీడియోలు. ఇద్దరి కంప్యూటర్లూ వేర్వేరు కంపెనీలవి. ఒకరి హార్డ్‌డిస్కు రెండోవారి దాంట్లో పెడితే, ఇది నాకు అర్థం కాదు, మొత్తం చెరిపేయనా అని అడిగేది. (మనుషుల వ్యవహారమూ ఇంచుమించు అంతే. ఏదో పెళ్లి వీడియోకి ఏ పాట పెట్టాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు.) అన్నగారి భార్య, అందరూ వదినగారనే ఆవిడ, డిస్కులు పట్టుకుని రోజంతా మెట్లెక్కి దిగేవారు.

నేను కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. మధ్యలో ఇద్దరికీ కలిపి ఒకే స్టోరేజీ పెట్టె, అన్ని కంపెనీలూ ఒప్పుకున్న ప్రమాణాల ప్రకారం నడిచే నెట్‌వర్కు. ఎవరి కంప్యూటరు తగిలించినా అదే ఫైలు అదే చోట కనిపిస్తుంది. అన్నగారు కళ్లజోడు సర్దుకుని, "అంటే వాడి కంప్యూటరు నా దాంతో మాట్లాడుద్దా అండీ?" అన్నారు. మాట్లాడుతుందన్నాను.

"మరి నేను మాట్లాడక్కర్లేదుగా?"

అక్కర్లేదని హామీ ఇచ్చాకే ఒప్పుకున్నారు.

వారం తిరక్కుండానే ఫోనొచ్చింది. పామర్రు పెళ్లివారి రిసెప్షన్ దగ్గరపడుతోంది, వీడియో ముందుకు కదలడం లేదు. ఈసారి పని చెడితే స్టూడియోని రెండు ముక్కలు చేసుకుందామని అన్నదమ్ములిద్దరూ (వదినగారి ద్వారానే) అనుకున్నారట. పరుగున వెళ్లి తీగలన్నీ పరీక్షించాను. వేగం బ్రహ్మాండంగా ఉంది. అన్నీ బాగున్నాక పని ఎందుకు ఆగిందో తెలియక నా బుర్ర వేడెక్కిపోయింది. చివరికి వదినగారినే అడిగాను.

"డిస్కుతో పాటు మాట కూడా నేనే మోసేదాన్నండీ. మీ వైరొచ్చాక పైకెళ్లే పనేముంది?" అన్నారావిడ.

దీనికి నా దగ్గర ఏ ప్రమాణమూ లేదు. దిక్కుతోచక కింద గదిలోనే, తెర మీద స్టోరేజీ తెరిచి చూస్తూ కూర్చున్నాను. ఫోల్డరు పేరులో పెళ్లి తేదీ, ఊరు తప్ప ఇంకేమీ ఉండకూడదని నేనే నియమం పెట్టాను. నా కళ్ల ముందే ఓ ఖాళీ ఫోల్డరు పుట్టింది. దాని పేరు, "పెళ్లికూతురి తాతగారి ఫొటో ఎక్కడుందో కిందవాళ్లు చెప్పాలి." చెరిపేయబోతుంటే వదినగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. కాసేపటికి దాని కింద ఇంకొకటి, "నిన్నటి వాటిలో ఉందని పైవాళ్లకి చెప్పండి." ఎవరు చెప్పాలి? నా పెట్టే చెప్పాలి కాబోలు. అలా సాయంత్రం దాకా ఒకటి తర్వాత ఒకటి వస్తూనే ఉన్నాయి, నేను నోరు తెరుచుకుని చదువుతూనే ఉన్నాను. ఆఖరున ఇలా వచ్చింది: "అన్నయ్యా, పాట ఆ రోజు నువ్వు చెప్పిందే పెట్టాను. ఓసారి వచ్చి చూడు."

అన్నగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. జవాబుగా ఫోల్డరేదీ తెరవలేదు. లేచి, మెట్లెక్కారు.

ఇప్పుడు పెద్ద పెద్ద ఆఫీసులకి ఇలాంటివే గీసిస్తున్నాను. ప్రతి దాంట్లోనూ ఏ నియమమూ లేని ఫోల్డరొకటి వదిలిపెడతాను. ఎందుకని అడిగితే టెస్టింగుకి అంటాను. అది ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. అయినా ఆ ఆఫీసులకి వెళ్లినప్పుడల్లా, కేబులు లాగితే చాలనుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటూ, ఎవరైనా ఎవరినైనా పిలిచారేమోనని ఓసారి తెరిచి చూస్తాను.