పటేల్ హాలుకు గులాబి పూలు

ఆదిలాబాద్‌ల నాది టైల్స్ దుకాణం. ఒక్క నేల సరుకుతోని గిరాకి నడుస్తలేదని గోడలకేసే వాల్‌పేపర్లు, పీవీసీ షీట్లు గూడ పెట్టిన. ఓ పత్తి రైతు వారం రోజులు తిరిగిండు. వచ్చినప్పుడల్లా జేబుల నుంచి ఇంత పత్తి తీసి, ఒక్కో శాంపిల్ మీద రుద్ది, ఆ పత్తినే వెలుగుకు పట్టి చూస్తుండె. నాకు ఒళ్లు మండింది.

"గోడకేమన్న దురద పెడుతదా పటేలా?" అన్న.

నవ్వి, ఇంకో శాంపిల్ మీద రుద్దిండు. ఆఖరికి అన్నిట్ల ఖరీదైన గులాబి పూల వాల్‌పేపర్ తీసుకున్నడు. నేనే దగ్గరుండి హాలంత అతికిపిచ్చిన.

పది రోజులకు, దుకాణంల గిరాకులకు చూపే ఆల్బంల పెట్టుకుందామని ఫోటో తీస్తందుకు పోయిన. హాల్ల నేల నుంచి స్లాబు దాక పత్తే. ఒక్క పువ్వు కనబడలే. ఇంటోళ్లంత బయట రేకుల షెడ్డుల మంచాలేసుకున్నరు.

"పత్తికి గోడ సున్నం అంటితె రేటు కోస్తరు సేటూ," అన్నడు పటేల్. "నీ కాయితం జర గూడ అంటలే. రేటు పెరిగినంక రా, పూలు చూద్దువు."

గంత దూరం పోయిన కోపానికి ఆ పత్తినే ఫోటో తీసి ఆల్బంల పెట్టిన. ఇప్పుడు దుకాణానికి వచ్చినోళ్లంత దాని మీదనే వేలు పెడుతున్నరు.

"సేటూ, గీ తెల్ల డిజైన్ ఫీటుకెంత?"