కుట్టు లోపల వదిలిన గుడ్డ

మా వీధి టైలరుగారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున, రేపల్లెలో తమ్ముడింట్లో. కబురు తెలిసేసరికి నేను తెనాలి బజార్లో మిఠాయి కట్టించుకుంటున్నాను. మా అమ్మాయి యాప్ ముందురోజు సాయంత్రమే విడుదలైంది. మొదటి ముక్క ఆయన నోట్లోనే పెట్టాలని ఎంత ఆశపడ్డానో!

ఏడో తరగతితో ఆగినవాణ్ణి, నాకీ సంగతులేం తెలుస్తాయి? అమ్మాయి ఉద్యోగం మానేసి వచ్చి, దర్జీలు కొలతలు దాచుకునే యాప్ ఒక్కతే చేస్తానంది. బంగారుతల్లి, చేసింది కూడా. కానీ బయటికి వదలదు. "ఇంకొక్క తప్పుంది నాన్నా" అని తలుపేసుకునేది. గదిలో అది, వసారాలో నేను. ఎప్పుడని అడిగినవాళ్ళకల్లా వచ్చే వారమని చెప్పీ చెప్పీ, పెళ్ళిళ్ళకు వెళ్ళడమే మానేశాను. బజారుకు కూడా వెనక సందులోంచే.

ఆ తలుపు తట్టే ధైర్యం ఆయనొక్కరిదే. మెడలో టేపుతోనే వచ్చేవారు, రైల్లో కూడా తీసేవారు కాదు. విడుదలకు ముందు కొందరు వాడి చూడాలని తెలిసి, ఆ వయసులో బాపట్ల, రేపల్లె తిరిగి, తెలిసిన దర్జీల ఫోన్లలో పెట్టించారు. వద్దన్న ఒకతన్ని, సూదిలో దారం ఎక్కించడం నీకు నేర్పింది ఎవర్రా అని దబాయించారట. వాళ్ళు చెప్పిన లోపాలు చీటీ మీద రాసి తెస్తే, అమ్మాయి మరింత బిగుసుకుపోయింది. అన్నీ సరిచేసేదాకా వదలనంది.

ఒకరోజు ఆయన, అమ్మాయికి తాను కుట్టిన జాకెట్టొకటి తెమ్మని, తిరగేసి చూపించారు.

"ఇదేంటమ్మా?"

"లోపల ఎక్కువ గుడ్డ వదిలారు తాతగారూ."

"ఎందుకు వదిలానూ? ఎంత కొలిచినా ఎక్కడో తప్పుద్ది. ఒంటిమీద పడ్డాకే తెలుస్తది. అప్పుడు విప్పి సరిచేస్తాను. ముహూర్తానికి జాకెట్టు ఇవ్వకుండా కుట్లు దిద్దుకుంటా కూర్చునేవాడు దర్జీయేంటమ్మా?"

 నేను కాఫీ వంకతో లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను.

తర్వాత ఆయనకు ఒంట్లో బాగాలేక తమ్ముడు రేపల్లె తీసుకెళ్ళాడు. అక్కణ్ణుంచీ రోజూ ఫోనే, ఇచ్చేశావా అని. సోమవారం అమ్మాయి యాప్ ఇచ్చేసి, వెంటనే ఆయనకే చెప్పింది. "ఇహ తలుపు తీసి పెట్టుకో తల్లీ, గాలొస్తది" అన్నారట. అదే ఆఖరి మాట.

నిన్న బాపట్ల దర్జీ ఒకాయన ఫోన్ చేసి ఏదో తప్పు చెప్పాడు. అమ్మాయి, సరిచేస్తానండి అంటూ కూర్చుంది. తలుపు తీసే ఉంది. వసారా తీగమీద ఆ జాకెట్టు తిరగేసి ఆరేసింది. ఉతికి ఉతికి రంగంతా వెలిసిపోయింది. కుట్టు లోపల ఆయన వదిలిన గుడ్డ మాత్రం కొన్ననాటి ఎరుపుతోనే ఉంది.