ఐదు నిమిషాల పని

ఐదు నిమిషాల్లో అయిపోయే పని మా బాబాయ్ చచ్చినా చెయ్యడు. నెల పట్టే పనివ్వండి, తిండీ నిద్రా మానేసి చేస్తాడు. ఐదు నిమిషాల పనికి మాత్రం కాళ్ళు పట్టుకున్నా, గడ్డం పట్టుకున్నా లాభం లేదు. పైగా ఆ పని ఎలా చెయ్యాలో గంటసేపు కూర్చుని వివరంగా రాసి పెడతాడు! అదేం రోగమో నాకు తెలీదు.

పనీపాటా లేని మనిషనుకునేరు. నేను పనిచేసే లైబ్రరీలోనే కాదు, నానా దేశాల లైబ్రరీల్లోనూ నడిచే సాఫ్ట్‌వేర్ ఈయన మొదలుపెట్టిందే. పైసా తీసుకోడు. దాని లోపలి రాతంతా ఇంటర్నెట్‌లో బార్లా తెరిచి పెట్టాడు. ఎవరైనా చదవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపచ్చు. ఈయన చూసి సరేనంటే ఆ దిద్దుబాటు అన్ని లైబ్రరీలకీ వెళ్తుంది. వినడానికి ఎంత బాగుందండీ! దాని ముందు కూర్చుని జనం చేత చీవాట్లు తినేవాణ్ణి నేను.

ఎవరైనా పుస్తకం తిరిగిస్తే నొక్కాల్సినవన్నీ నొక్కుతాను. అయినా తెర మీద మర్నాటిదాకా ‘పుస్తకం ఇంకా రాలేదు’ అనే ఉంటుంది. ఈలోగా ఇంకోటి అడిగితే ఇవ్వనివ్వదు. ఓ రిటైరైన లెక్కల మేష్టారు నన్ను నిలబెట్టి కడిగేశారు.

“నేనిచ్చిన పుస్తకం మీ చేతిలోనే ఉంది కదా?”

“ఉందండీ.”

“మరి రాలేదంటారేం?”

“నేననలేదండీ, కంప్యూటరంటోంది.”

“మీ చేతిని నమ్ముతారా, దాన్ని నమ్ముతారా?”

నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఇంటికొచ్చి నేరుగా మేడమీద బాబాయ్ గదిలో దూరాను.

“బాబాయ్, అది బాగుచెయ్యడం ఎంత పని?”

“ఐదు నిమిషాలు.”

“చెయ్యి మరి!”

“చెయ్యను. ఏ ఫైలు తెరవాలి, ఏ వరస మార్చాలి, మార్చాక ఎలా సరిచూసుకోవాలి, అన్నీ రాసి పెట్టాను.”

“ఇంత రాసే బదులు చేసెయ్యచ్చుగా?”

“నీకర్థం కాదులే. కిందకి పోరా.”

సముద్రాల అవతల్నుంచి ఓ లైబ్రరీ ఆవిడ ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. “కాస్త ఆగండమ్మా, ఎవరో ఒకరు వస్తారు” అన్నాడు. ఎవరొస్తారట? దేవుడు దిగొస్తాడా?

నిజంగానే ఓ మహానుభావుడొచ్చాడు. పెద్ద కంపెనీలో పెద్ద కుర్చీ. పేరు పక్కన ఉన్న హోదాలు చదవడానికే ఊపిరి చాలదు. ఆ తప్పు చిటికెలో దిద్ది పంపాడు. నేను ఎగిరి గంతేశాను. బాబాయ్ తిప్పి పంపేశాడు! “ఇన్నేళ్ళ అనుభవం పెట్టుకుని ఈ చిల్లరపనికి ఎగబడ్డారేం? కష్టమైనవి బోలెడున్నాయి, దమ్ముంటే అవి పట్టండి” అని అందరూ చూసేచోట వాయించాడు. ఆయన అలిగి వెళ్ళిపోయాడు. నేను మళ్ళీ లెక్కల మేష్టారి పాలబడ్డాను.

మా వదినది ఇంకో కథ. ఒకప్పుడు ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేసేది, పాప పుట్టాక మానేసింది. పాప బడికెళ్తోంది కదా అని మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంటోంది. వెళ్ళిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న: “ఇన్నేళ్ళూ ఏం చేశారు? చూపించడానికేమైనా ఉందా?” పిల్లని పెంచానంటే పెదవి విరుస్తారు ఆ పెద్దమనుషులు, వాళ్ళు ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు! చివరికి మా వదినే “నాకిక రాదులే, అన్నీ మర్చిపోయాను” అనడం మొదలుపెట్టింది.

ఆవిడ ఓ మధ్యాహ్నం బాబాయ్ రాసి పెట్టిన పురాణం చదివింది.

“ఇదంతా నాకర్థమవుతోంది!” అంది, తన కళ్ళని తనే నమ్మలేనట్టు.

ఇంకేం, ఓ మారుపేరు పెట్టుకుని కూర్చుంది. “మామయ్యగారికి చెప్పావో, నీతో మాట్లాడను. అంతటివాణ్ణే అలా తిట్టారు, నన్ను బతకనిస్తారా?” అని నాచేత ఒట్టేయించుకుంది. తప్పు దిద్దింది, పంపింది. పంపాక చూసుకుంటే ఏముంది, దాంతోపాటు తన ఫోల్డర్లో ఉన్న పాప బొమ్మ కూడా వెళ్ళిపోయింది. ఊదారంగు ఏనుగు. అందులో తొండమేదో, కాలేదో గీసినదానికే తెలియాలి. అది ఇప్పుడు లోకమంతా చూసేచోట కూర్చుంది.

వదిన మొహం పాలిపోయింది. “అయిపోయింది. ఇక జన్మలో కంప్యూటర్ ముట్టుకోను” అని లాప్‌టాప్ మూసేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు బాబాయ్ నోరు తెలుసు కదా, పిడుగు ఎప్పుడు పడుతుందా అని లాప్‌టాప్ తెరిచి బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. జవాబొచ్చింది.

‘రండి, రండి. దిద్దుబాటు చక్కగా ఉంది. ఏనుగు ఇంకా బాగుంది, కానీ లైబ్రరీలో పట్టదు. దాన్ని ఎలా తీసెయ్యాలో కింద రాశాను. తీసేసి మళ్ళీ పంపండి. కంగారేం లేదు, మొదటిసారి నేను నా పన్ను ఎక్స్‌రే పంపాను. మీకెన్నాళ్ళు పట్టినా ఈ పని మీకే ఉంచుతాను.’

వదినని లాక్కొచ్చి చూపించాను. చదివింది. మళ్ళీ చదివింది. పమిటచెంగుతో కళ్ళు తుడుచుకుని, ఏనుగుని తీసేసి పంపింది. కాసేపటికే బాబాయ్ సరేనన్నాడు. ప్రపంచంలో ఉన్న లైబ్రరీలన్నిటికీ మా వదిన దిద్దుబాటు బయల్దేరింది.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఒట్టూ గిట్టూ గాలికొదిలేసి మేడెక్కాను.

“ఇంటి కోడలనేసరికి ఎంత మెత్తబడ్డావ్ బాబాయ్! ఇన్నాళ్ళూ నాకు తిట్లు తినిపించింది ఇందుకా?”

“కోడలేంట్రా?”

“ఆ ఏనుగు మన పాప గీసిందే!”

బాబాయ్ తెల్లబోయాడు. “మన అమ్మాయా పంపింది? నాకేం తెలుసు!”

“మరి ఎవరి కోసం ఆపావ్?”

“ఎవరొస్తే వాళ్ళ కోసం. చిన్నవన్నీ నేనే చేసి పారేస్తే, కొత్తగా వచ్చేవాళ్ళు ఎక్కడ మొదలుపెడతార్రా?”



బాబాయ్ గబగబా మెట్లు దిగి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. “ఏమ్మా, ఇకమీదట చూపించడానికేముందని ఎవడైనా అడిగితే నా దగ్గరికి పంపు, నేను చూపిస్తాను వాడికి!”

వదిన తలొంచుకుని నవ్వింది. తరవాత మెల్లిగా అడిగింది. “మామయ్యగారూ, ఆ కష్టమైనవాటిలో ఒకటి పట్టుకోనా?”

“చాలా రోజులు పడుతుందమ్మా.”

“పట్టనివ్వండి.”

బాబాయ్ నావైపు తిరిగాడు. “విన్నావుగా. అమ్మాయికి పనుంది. ఇవాళ్టినుంచి వంట నువ్వు చెయ్యి.”

“నాకు పొయ్యి వెలిగించడం కూడా రాదు బాబాయ్!”

“మాడితే మాడింది, మేం తింటాం. మొదలుపెట్టు.”